చిన్న వ్యాపారానికి సైబర్ రక్షణ: ఏది ముందు, ఏది తర్వాత, ఏది అక్కర్లేదు

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక మోస్తరు కొట్టును ఉదాహరణగా పెట్టుకుందాం. సరుకు కొని బయటి రాష్ట్రాలకు లారీలు ఎత్తే వ్యాపారం. మూడు సిస్టమ్‌లు ఉంటాయి. ఒకదాంట్లో లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్, ఇంకోదాంట్లో ఈవే బిల్లులు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే బిల్లులు), బ్యాంకు పనులు, మూడోది యజమాని ఇంటికి తీసుకెళ్లే ల్యాప్‌టాప్. బ్రాడ్‌బ్యాండ్ వాళ్లు బిగించి వెళ్లిన రౌటరు, గోడకు సీసీ కెమెరాల రికార్డింగు పెట్టె, డీవీఆర్. అకౌంటెంటు వారానికి రెండుసార్లు, దూరం నుంచే సిస్టమ్ నడిపే ఎనీడెస్క్ యాప్‌లో లోపలికి వచ్చి జీఎస్టీ లెక్కలు చూసి పోతాడు. మందుల ఏజెన్సీ అయినా, బట్టల షాపైనా, ఎరువుల కొట్టైనా అమరిక దాదాపు ఇదే కాబట్టి ఇక్కడ చెప్పేది వాటికీ సరిపోతుంది.

ఇలాంటి చోట మొదట వచ్చే ప్రశ్న "ఏ యాంటీవైరస్ కొనమంటారు?" అని. దాని జవాబు కింద చివర్లో ఉంది, ఖర్చుల వరుసలో దాని చోటు అక్కడే కాబట్టి. ఈ కొట్టుకు నిజంగా పెద్ద దెబ్బ తగిలేది రెండు రకాలుగా. ఒకటి, సీజన్ మధ్యలో టాలీ డేటా తెరుచుకోకపోవడం: ఎవరికి ఎంత ఇవ్వాలో, ఎవరి దగ్గర ఎంత రావాలో తెలియక వ్యాపారం నిలిచిపోతుంది. రెండు, బ్యాంకు కరెంటు ఖాతాలోంచి డబ్బు పోవడం. మొదటిదాన్ని కాపాడేది బ్యాకప్. రెండోదాన్ని కాపాడేది లాగిన్ పద్ధతి. డబ్బూ శ్రమా ముందు ఈ రెండింటి మీద పెట్టాలి.

బ్యాకప్: డిస్కా, క్లౌడా, నాస్ పెట్టెనా?

చేతిలో ఉన్న దారులు నాలుగు: పెన్‌డ్రైవ్, బయటి హార్డ్‌డిస్క్, క్లౌడ్ (ఇంటర్నెట్‌లో దాచుకోవడం), ఆఫీసులో పెట్టుకునే నాస్ పెట్టె (అన్ని సిస్టమ్‌లూ నెట్‌వర్క్ మీద వాడుకునే డిస్కుల పెట్టె). పెన్‌డ్రైవ్‌ను లెక్కలోంచి తీసేయండి. ఫైలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోయడానికి అది పనికొస్తుంది గానీ దాచడానికి కాదు. ముందస్తు సూచన ఏమీ లేకుండా ఒకరోజు "ఫార్మాట్ చేయాలా?" అని అడుగుతుంది.

బయటి హార్డ్‌డిస్క్ మంచిదే, కానీ ఎక్కువ కొట్లలో దాన్ని వాడే తీరు దాన్ని పనికిరాకుండా చేస్తుంది. పొద్దున పెట్టిన డిస్క్ రాత్రిదాకా, కొన్నిచోట్ల ఏడాదంతా, సిస్టమ్‌కు తగిలించే ఉంటుంది. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే ప్రోగ్రాము, లోపలికి వస్తే అది సీ డ్రైవు, డీ డ్రైవు అని తేడా చూడదు. ఆ సమయానికి కనపడే ప్రతి డ్రైవునూ, నెట్‌వర్క్‌లో షేర్ చేసిన ప్రతి ఫోల్డర్‌నూ తాళం వేసేస్తుంది. అసలూ నకలూ కలిసి పోతాయి. అందుకని రెండు డిస్కులు కొనండి. ఒకటి కొట్లో బీరువాలో, రెండోది ఇంట్లో. బ్యాకప్ తీసే పది నిమిషాలు మాత్రమే తగిలించాలి, అయిపోగానే "ఎజెక్ట్" చేసి వైరు పీకాలి. ప్రతి శనివారం రెండింటినీ తారుమారు చేస్తే, కొట్లో షార్ట్ సర్క్యూట్ జరిగినా దొంగతనం జరిగినా పోయేది మహా అయితే వారం రోజుల పని.

క్లౌడ్ సౌకర్యం ఏమిటంటే అది మనిషి గుర్తుపెట్టుకోవడం మీద ఆధారపడదు. చిన్న కొట్టు టాలీ డేటా సాధారణంగా ఒకటి రెండు జీబీ దాటదు కాబట్టి గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీతోనే మొదలుపెట్టొచ్చు. అయితే ఆ 15 జీబీలోనే జీమెయిల్, ఫొటోలు కూడా పడతాయి, నిండిపోతే కొత్త ఫైళ్లు ఎక్కడం ఆగిపోతుంది. అందుకే బ్యాకప్‌కు విడిగా ఒక ఖాతా తెరవడం మేలు.

గూగుల్ డ్రైవ్, మైక్రోసాఫ్ట్ వాళ్ల వన్‌డ్రైవ్ మధ్య ఎంచుకోవాల్సి వస్తే చూడాల్సిన తేడా ఒకటుంది. రాన్సమ్‌వేర్ పాడుచేసిన ఫైళ్లను కూడా ఈ సర్వీసులు నమ్మకంగా పైకి ఎక్కించేస్తాయి, అది వాటి పని. ప్రశ్నల్లా వెనక్కి ఎలా వెళ్లాలన్నదే. గూగుల్ డ్రైవ్ ఒక ఫైలు పాత రూపాలను 30 రోజులు లేదా 100 రూపాల వరకు ఉంచుతుంది గానీ చాలాకాలం ఒక్కో ఫైలునూ విడివిడిగానే వెనక్కి తిప్పాల్సి వచ్చేది, చాలా ఫైళ్లను ఒకేసారి తిప్పే సౌకర్యం దాని కంప్యూటర్ యాప్‌లో 2025 చివర్లోనే రావడం మొదలైంది. మైక్రోసాఫ్ట్ 365 చందా ఉన్న వన్‌డ్రైవ్‌లో అయితే మొత్తం డ్రైవును గత 30 రోజుల్లో ఏ సమయానికి కావాలంటే ఆ సమయానికి ఒక్కసారిగా తిప్పొచ్చు. వేలకొద్దీ విడి ఫైళ్లు, స్కాన్‌లు, ఎక్సెల్ షీట్లు ఉన్న ఆఫీసుకు వన్‌డ్రైవ్ మేలు. టాలీ ఒక్కటే ముఖ్యమైన చోట, రోజుకొక తేదీ పేరుతో ఒకే బ్యాకప్ పెట్టుకుంటే గూగుల్ డ్రైవ్ చాలు.

ఇక్కడే చాలామంది చేసే పొరపాటు: టాలీ నడిచే డేటా ఫోల్డర్‌ను నేరుగా గూగుల్ డ్రైవ్ సింక్ ఫోల్డర్‌లో (మార్పులు వాటంతటవే క్లౌడ్‌కు ఎక్కే ఫోల్డర్‌లో) పెట్టేయడం. టాలీ ఒకవైపు రాస్తూ ఉంటే సింక్ ఇంకోవైపు అదే ఫైళ్లను లాగుతూ ఉంటుంది. సగం పాతవి, సగం కొత్తవి కలిసి, టాలీలో మీ కంపెనీ తెరవగానే ఎర్రర్ వస్తుంది. సరైన పద్ధతి: సాయంత్రం అందరూ టాలీ మూసేశాక ఒకే సిస్టమ్‌లో తెరిచి, ఆల్ట్, వై నొక్కి డేటా మెనూలో బ్యాకప్ ఎంచుకోండి. గమ్యంగా "టాలీ బ్యాకప్ 2026-02-14" లాంటి కొత్త ఫోల్డర్ ఇవ్వండి. సింక్ అయ్యేది ఈ బ్యాకప్ ఫోల్డరే, నడిచే డేటా కాదు. తేదీ ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే ఫోల్డర్లు వాటంతటవే వరుసలో నిలబడతాయి. టాలీ డేటాకే తాళం వేసే టాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టిన కంపెనీ అయితే ఆ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అది మర్చిపోతే డేటాను తెరిచే దారి ఉండదు.

మార్చి 31 నాటి బ్యాకప్‌ను మాత్రం ఎప్పుడూ చెరపకండి. జీఎస్టీ చట్టం ప్రకారం ఖాతాలను ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. డిస్కు నిండిందని పాతవి తీసేసే గుమాస్తాకు ఈ సంగతి తెలియదు.

నాస్ పెట్టె విషయానికొస్తే, పది సిస్టమ్‌ల లోపు కొట్టుకు వద్దనే చెబుతాం. అందులో రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దంలా నడుస్తాయి కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకుంటారు. ఈ అద్దం పద్ధతి ఒక డిస్కు చెడిపోతే కాపాడుతుంది, చెరిపిన ఫైలు నుంచి కాపాడదు. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది. పైగా ఇంటి నుంచి చూసుకోవచ్చని దాన్ని ఇంటర్నెట్‌కు తెరుస్తారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్ సరిగ్గా అలా తెరిచి ఉంచిన క్యూనాప్ కంపెనీ నాస్ పెట్టెలనే పట్టుకుంది.

లాగిన్: ఓటీపీ, ఆథెంటికేటర్, సెక్యూరిటీ కీ

ఎస్ఎంఎస్ ఓటీపీ అసలేమీ లేకపోవడం కంటే చాలా నయం. కానీ మన దగ్గర దాని బలహీనత సిమ్ దొంగతనం ఒక్కటే కాదు. వాట్సాప్‌లో "ఆర్టీఓ చలానా", "పీఎం కిసాన్", "పెళ్లి పత్రిక" అన్న పేర్లతో ఏపీకే ఫైళ్లు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్లు) తిరుగుతుంటాయి. నొక్కి ఇన్‌స్టాల్ చేసి, అడిగిన అనుమతులన్నీ ఇస్తే ఆ యాప్ ఫోన్‌కు వచ్చే ప్రతి ఎస్ఎంఎస్‌నూ చదివి అవతలికి పంపుతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా డబ్బు పోయిందని వాపోయే వాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. కాబట్టి బ్యాంకు సిమ్ ఉన్న ఫోన్‌లో ప్లే స్టోర్ బయటి నుంచి ఏదీ పెట్టకూడదు. వీలైతే బ్యాంకు నంబరును కొట్లోనే ఉండే ఒక విడి ఫోన్‌లో వేసి, అందులో వాట్సాప్ కూడా లేకుండా ఉంచండి.

గూగుల్ ఆథెంటికేటర్, మైక్రోసాఫ్ట్ ఆథెంటికేటర్ లాంటి యాప్‌లు ఖర్చు లేనివి, ఎస్ఎంఎస్ మీద ఆధారపడవు. ముప్పై సెకన్లకొకసారి మారే ఆరంకెల కోడ్ ఫోన్‌లోనే పుడుతుంది. వీటితో వచ్చే ఇబ్బంది ఫోన్ పోయినప్పుడు. సెట్ చేసిన రోజే గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు ప్రింటు తీసి దస్తావేజుల్లో పెట్టుకుంటే ఆ ఇబ్బందీ తీరుతుంది. సెక్యూరిటీ కీ, అంటే లాగిన్ అప్పుడు సిస్టమ్‌కు తగిలించే చిన్న పరికరం, అన్నిటికంటే గట్టిది, నకిలీ లాగిన్ పేజీ దగ్గర అది అసలు పనిచేయదు. కానీ వేలల్లో ఖర్చు, రెండు కొనాలి, మన బ్యాంకు పనుల్లో, జీఎస్టీ పనుల్లో దానికి చోటు లేదు. చిన్న కొట్టుకు ఆథెంటికేటర్ సరిపోతుంది.

ముందు ఏ ఖాతాకు పెట్టాలంటే జీమెయిల్‌కు. మిగతా అన్నిటి పాస్‌వర్డ్ మార్పిడి లింకులు అక్కడికే వస్తాయి. తర్వాత వాట్సాప్‌లో ఆరంకెల టూ స్టెప్ పిన్. పాస్‌వర్డ్ విషయానికి ఒక్క మాట: పొంతన లేని నాలుగు తెలుగు మాటలు, "గుమ్మడి రైలు దోసిలి పిడుగు" లాంటివి, ఇంగ్లీషు అక్షరాల్లో మధ్యలో గీతలు పెట్టి రాస్తే గుర్తుంటుంది, ఊహకు అందదు. ఈ ఉదాహరణ అచ్చయింది కాబట్టి దీన్ని వాడకండి.

ఇక ఈవే బిల్లు ఓటీపీ. దీనిమీద కాస్త ఆగాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈవే బిల్లు, ఈ ఇన్వాయిస్ పోర్టల్‌లలో రెండంచెల లాగిన్ అందరికీ తప్పనిసరైంది. ఓటీపీ యజమాని ఫోన్‌కు వస్తుంది, లారీ బయట ఆగి ఉంటుంది, గుమాస్తా ఫోన్ చేస్తాడు, యజమాని ఆరంకెలు చదివి చెబుతాడు. రోజుకు పదిసార్లు. ఇలా ఓటీపీ అడిగితే చెప్పేయడం నోటికి అలవాటైపోయిన మనిషికి, పదకొండోసారి ఫోన్ చేసింది తన గుమాస్తా కాదన్న సంగతి తట్టదు. దీనికి పోర్టల్‌లోనే మందుంది: యూజర్ మేనేజ్‌మెంట్‌లో సబ్ యూజర్‌ను (మీ ఖాతా కింద గుమాస్తాకు విడి లాగిన్‌ను) సృష్టించండి, గుమాస్తా సొంత మొబైల్ నంబరు ఇవ్వండి, అతని ఓటీపీ అతనికే వస్తుంది. ఏ బిల్లు ఎవరు తీశారో కూడా తెలుస్తుంది. మానేసి వెళ్లిన రోజున ఆ సబ్ యూజర్‌ను ఆపేయాలి. పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. ఎస్ఎంఎస్ ఆలస్యమవుతోందంటే, ఈవే బిల్లు పోర్టల్ వాళ్లదే ఎన్ఐసీ జీఎస్టీ షీల్డ్ యాప్‌లోనూ ఓటీపీ పుడుతుంది.

బ్యాంకు సైటును గూగుల్‌లో వెతికి తెరవడం మానండి. రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం బ్యాంకులు 2025 అక్టోబరు 31 నాటికి "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాలకు మారాల్సి ఉంది. ఆ చిరునామాను బుక్‌మార్క్ చేసుకుని దాన్నే వాడండి.

విండోస్ 10 ఇంకా ఉంటే

విండోస్ 10కు మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అప్‌డేట్ లేకపోతే ఏమవుతుందో 2017 మేలో వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ చూపించింది. దాన్ని ఆపే అప్‌డేట్ మార్చిలోనే వచ్చింది. వేసుకున్న సిస్టమ్‌లు బతికాయి, వేసుకోనివి లాక్ అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా అప్పుడు దెబ్బతిన్నాయి.

విండోస్ 11కు సిస్టమ్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే సుమారుగా ఎనిమిదో తరం ప్రాసెసరో ఆపైదో ఉండాలి. ఉంటే ఉచితంగా మారిపోండి. లేకపోతే ఏదో ఒక చిట్కాతో బలవంతంగా ఎక్కించే కంటే, రీఫర్బిష్డ్ సిస్టమ్ (బాగుచేసి అమ్మే పాత సిస్టమ్) ఒకటి తీసుకుని బ్యాంకు పని, టాలీ దాంట్లోకి మార్చడం మంచి ఎంపిక. పాతదాన్ని నెట్ పీకేసి రసీదుల ప్రింటింగుకు వాడుకోవచ్చు. కొనేటప్పుడు లైసెన్సు ఉన్న విండోసే అడగండి. లైసెన్సు లేకుండా యాక్టివేటర్ ప్రోగ్రాముతో నడిపే విండోస్, క్రాక్ చేసిన టాలీ ఎక్కించేవాళ్లు మొదట చేసే పని "యాంటీవైరస్ ఆపండి" అనడమే. ఆ తర్వాత ఏమెక్కిందో ఎవరూ చెప్పలేరు.

ఇంకో ఖర్చులేని పని: రోజువారీ పనికి అడ్మినిస్ట్రేటర్ కాని స్టాండర్డ్ ఖాతా పెట్టండి. గుమాస్తా పొరపాటున ఏదైనా నొక్కినా ఇన్‌స్టాల్ దగ్గర పాస్‌వర్డ్ అడిగి ఆగుతుంది.

దూరం నుంచి పనిచేయడానికి

దారులు నాలుగు: ఎనీడెస్క్ లాంటి యాప్, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌ను రౌటర్‌లో పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే ద్వారం) తెరిచి వాడటం, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి), క్లౌడ్‌లో టాలీ (వేరే కంపెనీ సర్వర్ మీద నడిచే టాలీ). వీటిలో రెండోది ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు తెరిచి ఉన్న అడ్రసుల కోసం ప్రపంచమంతా ఇంటర్నెట్‌ను రాత్రింబవళ్లు జల్లెడ పట్టే ప్రోగ్రాములున్నాయి. వాటికి గుంటూరైనా న్యూజెర్సీ అయినా ఒకటే, తెరిచి ఉందా లేదా అన్నదే చూస్తాయి. పోర్టు నంబరు మార్చినా దొరకడం కొంచెం ఆలస్యమవుతుందంతే. సీసీ కెమెరా బిగించిన కుర్రాడు డీవీఆర్ కోసం ఇలాంటి పోర్టులే తెరిచి, పాస్‌వర్డ్ మార్చకుండా వెళ్లి ఉంటాడు. రౌటర్ పేజీలో పోర్ట్ ఫార్వార్డింగ్ చూసి అవన్నీ తీసేయండి, కెమెరాలనూ వచ్చేపోయేవాళ్ల ఫోన్లనూ గెస్ట్ వైఫైలోకి మార్చండి.

వారానికి రెండుసార్లు వచ్చే అకౌంటెంటుకు ఎనీడెస్క్ చాలు, ఒక షరతు మీద: ప్రతిసారీ ఇవతల మనిషి "యాక్సెప్ట్" నొక్కాలి. మనిషి లేకుండా లోపలికి వచ్చే అన్‌అటెండెడ్ పాస్‌వర్డ్ తీసేయండి, సెట్టింగుల్లో అకౌంటెంటు నంబరును మాత్రమే అనుమతించండి. "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఎనీడెస్క్ తెరవండి" అన్నవాడు ఎవడైనా మోసగాడే. యజమాని రోజూ రాత్రి ఇంటి నుంచి టాలీ చూడాల్సి వస్తే క్లౌడ్‌లో టాలీ ఆలోచించొచ్చు. అప్పుడు ఇచ్చేవాళ్లను ఒక్కటి అడగండి: "వారానికోసారి బ్యాకప్ మా దగ్గరికి దింపుకోవచ్చా?" కుదరదంటే వేరేవాళ్లను చూసుకోండి.

ఇప్పుడు యాంటీవైరస్

అయిదారు సిస్టమ్‌ల వరకు విండోస్‌తో వచ్చే డిఫెండర్ సరిపోతుంది. అది విండోస్ అప్‌డేట్లతో పాటే నడుస్తుంది, దానికి గడువు తీరిపోవడమంటూ లేదు. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరి మూలన పడి ఉంటే దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయండి, డిఫెండర్ దానంతటదే లేస్తుంది. రెండు యాంటీవైరస్‌లు కలిపి పెడితే సిస్టమ్ నెమ్మదించడం తప్ప రక్షణ రెట్టింపు కాదు.

డిఫెండర్‌లో ఎక్కువమంది తెరవని ఒక గది ఉంది. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, దాని కింద రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్. అక్కడ కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్ చేసి టాలీ డేటా ఫోల్డర్‌ను చేర్చండి. ఇక పరిచయం లేని ప్రోగ్రాములు ఆ ఫోల్డర్‌లో రాయలేవు. మొదటిరోజు టాలీనే అడ్డుకోవచ్చు, "అలో యాన్ యాప్" దగ్గర టాలీప్రైమ్‌ను చేర్చితే సరిపోతుంది. వేరే యాంటీవైరస్ పెడితే ఈ సౌకర్యం ఆగిపోతుందని గుర్తుంచుకోండి.

డబ్బు పెట్టి కొనడం ఎప్పుడు సరైనదంటే, ఎనిమిది పది సిస్టమ్‌లు దాటి, ఎవరి సిస్టమ్‌లో ఏం జరుగుతోందో ఒకచోట కూర్చుని చూడాల్సి వచ్చినప్పుడు, పెన్‌డ్రైవ్‌లు అన్నిచోట్లా ఆపాలన్నప్పుడు. అప్పుడు ఇంటి వాడకం ప్యాకెట్లు కాకుండా వ్యాపారాల కోసం చేసినవి చూడాలి. పూణే కంపెనీ క్విక్ హీల్ వ్యాపార విభాగం సెక్‌రైట్, చెన్నై కంపెనీ కే7 ఎండ్‌పాయింట్, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఫర్ బిజినెస్ మన దగ్గర దొరికేవే. మీ ఊళ్లో ఫోన్ చేస్తే వచ్చే మనిషి ఏ కంపెనీకి ఉన్నాడో చూసి ఎంచుకోండి.

జరగకూడనిది జరిగిపోతే

డబ్బు పోతే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాతే మిగతా పనులు. లావాదేవీ నంబరు, సమయం, మొత్తం చేతిలో ఉంచుకోండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకేలోపు ఆపడం మీదే అంతా ఉంటుంది కాబట్టి ఒక్కో నిమిషమూ లెక్కే. బ్యాంకుకు కూడా అదేరోజు రాతపూర్వకంగా తెలియజేసి నకలు తీసుకోండి.

ఫైళ్ల పేర్లు మారిపోయి డబ్బు అడిగే నోటు కనిపిస్తే, నెట్‌వర్క్ వైరు పీకి, వైఫై ఆపండి. ఆ సమయంలో చేతులు ముందు బీరువాలోని బ్యాకప్ డిస్కు దగ్గరికే వెళతాయి. దాన్ని ఆ సిస్టమ్‌కు తగిలించకండి, చివరి నకలు కూడా పోతుంది. డిస్కును శుభ్రంగా ఉన్న వేరే సిస్టమ్‌లోనే తెరవాలి. తాళం వేసింది పాత రకం రాన్సమ్‌వేర్ అయితే, యూరప్ పోలీసు సంస్థ యూరోపోల్ తదితరులు 2016లో మొదలుపెట్టిన నో మోర్ రాన్సమ్ సైటులో ఉచిత తాళంచెవి దొరికే అవకాశముంది. కాబట్టి పాడైన ఫైళ్లను చెరపకుండా పక్కన పెట్టండి.

ఇవన్నీ అమర్చుకున్న నెలలోపు ఒక శనివారం సాయంత్రం ల్యాప్‌టాప్‌లో టాలీ తెరిచి, బీరువాలోని డిస్కు నుంచి బ్యాకప్‌ను ఖాళీ ఫోల్డర్‌లోకి రీస్టోర్ చేయండి. చివరి బిల్లు నంబరు, ఎవరో ఒక పార్టీ బాకీ, బ్యాంకు నిల్వ, ఈ మూడూ అసలు సిస్టమ్‌తో సరిపోతున్నాయో లేదో చూడండి. సరిపోకపోతే ఆ రాత్రే మళ్లీ బ్యాకప్ తీయండి.